గిరీశం అన్న మాటని గురజాడ ఖాతాలో రాయకండి

[తెర మీద: చుట్ట బొమ్మ ఉన్న పోస్టర్. "పొగతాగనివాడు దున్నపోతై పుట్టున్" అన్న పద్యపాదం. కింద "మహాకవి గురజాడ" అని సంతకం.]

నమస్కారం. ఈ పోస్టర్‌లో పద్యం సరిగ్గానే ఉంది. తప్పంతా కింద సంతకంలో ఉంది.

ఈ పద్యం గురజాడ నాటకం కన్యాశుల్కంలో గిరీశం అనే పాత్ర నోట వస్తుంది. వింటున్నది వెంకటేశం, చదువు చెప్పించుకోవాల్సిన కుర్రాడు. మీవల్ల నాకు వచ్చిందల్లా చుట్ట కాల్చడం ఒక్కటే అని ఆ కుర్రాడే గురువుగారి మొహం మీద అంటాడు. అంటే పద్యం పక్కనే దానికి జవాబు కూడా నాటకంలో ఉంది. పోస్టర్ చేసినవాళ్లు పద్యాన్ని కత్తిరించి తీసుకున్నారు, వెంకటేశాన్ని వదిలేశారు.

పాత్ర పలికిన మాటని రచయిత అభిప్రాయంగా చలామణీ చేయడం మన దగ్గర చాలా మామూలైపోయింది. పొగాకు పద్యంతో పెద్ద నష్టం లేదనుకోవచ్చు. కానీ ఇదే అలవాటుతో నవలా రచయిత చలాన్ని తిడతారు, భాగవతాన్ని అబద్ధాలకు సాక్ష్యం పిలుస్తారు. అందుకే ఈ వీడియో. కన్యాశుల్కం కథ మీకు తెలుసు కాబట్టి అది మళ్లీ చెప్పను. నేరుగా గిరీశం దగ్గరికి పోదాం. చివరిదాకా మనతో ఉండేది ఆయనే.

[తెర మీద: నాలుగు ప్రశ్నలు]

ఏ పుస్తకంలోంచి ఏ మాట కనబడినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరన్నారు? ఎవరితో అన్నారు? ఏం కావాలని అన్నారు? అన్న తర్వాత ఏమైంది? మొదటి రెండింటికి జవాబు అదే పేజీలో దొరుకుతుంది. మూడోదానికి ముందు పేజీలు తిప్పాలి, నాలుగోదానికి చివరిదాకా చదవాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది నాలుగో ప్రశ్న దగ్గరే, ఎందుకంటే అంతదాకా ఓపిక పట్టేవాళ్లు తక్కువ.

ఇప్పుడు గిరీశం మీద వేసి చూద్దాం. పొగాకు పద్యం సులువు కాబట్టి కష్టమైనది తీసుకుందాం. గిరీశం వితంతు వివాహాల గురించి మాట్లాడతాడు. వితంతువు మీద ఇంగ్లీషులో పద్యం కూడా చదువుతాడు. ఆ వాదనలు విడిగా చూస్తే అచ్చం ఆనాటి సంస్కర్తల వాదనలే. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. కన్యాశుల్కం మొదటిసారి వేదికెక్కింది 1892లో. అంటే పదకొండేళ్లుగా జనం సభల్లో వింటున్న మాటలే గిరీశం నోట్లో ఉన్నాయి. ఆ మాటలతో గురజాడకు పేచీ లేదు. మరి ఈసారి పోస్టర్ కింద గురజాడ పేరు రాయవచ్చా?

రాయకూడదు. ఎవరితో అన్నాడు? బుచ్చమ్మతో. చిన్నప్పుడే ముసలివాడికిచ్చి పెళ్లిచేస్తే విధవై పుట్టింట్లో ఉన్న పిల్ల. ఏం కావాలని అన్నాడు? ఆమెని లేవదీసుకుపోవాలని. ఈ మూడో జవాబుకి సాక్ష్యం ఎక్కడుందో తెలుసా? మొదటి రంగంలోనే.

[తెర మీద: "విజయనగరంలో బొంకులదిబ్బ"]

1909 ప్రతిలో తెర లేచేసరికి గిరీశం ఒక్కడే ఉంటాడు, తనలో తను మాట్లాడుకుంటుంటాడు. డబ్బుకి భోజనం పెట్టే పూటకూళ్లమ్మకి సంతలో సామాను కొనిపెడతానని 20 రూపాయలు పట్టుకెళ్లి సానిదాని కింద ఖర్చు పెట్టేశానని చెప్పేస్తాడు. నాటకంలో ఏకాంతంగా పలికే మాటకి ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. పక్కన ఎవరూ లేనప్పుడు పాత్రకి అబద్ధమాడే అవసరం ఉండదు కాబట్టి ప్రేక్షకుడు ఆ మాటని నమ్ముతాడు. గురజాడ ఆ నమ్మకాన్ని మొదటి నిమిషంలోనే వాడుకున్నారు. ఈ మనిషి ఏం చెప్పి డబ్బు తీసుకుంటాడో, దాన్ని దేనికి తగలేస్తాడో మనకి ముందే తెలిసిపోయింది. ఆ తర్వాత బుచ్చమ్మ దగ్గర ఎంత తియ్యగా మాట్లాడినా ఆ 20 రూపాయలు గుర్తుకు రావాలి. నిలబెట్టిన చోటు కూడా చూడండి, బొంకులదిబ్బ. బొంకు అంటే అబద్ధం. విజయనగరంలో నిజంగా ఉన్న చోటే, పేరు కల్పించలేదు. కానీ ఊళ్లో ఇన్ని చోట్లుండగా గిరీశాన్ని అక్కడే నిలబెట్టారు.

నాలుగో ప్రశ్న. తర్వాత ఏమైంది? సాని అయిన మధురవాణి వల్ల గిరీశం సంగతి బయటపడుతుంది. వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనాలో విడోస్ హోంకి పంపిస్తానంటాడు. గిరీశం నోట "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అని వచ్చేది అక్కడే. సంస్కరణ కబుర్లు చెప్పినవాడికి పిల్ల దక్కలేదు. బుచ్చమ్మకి మాత్రం చదువుకి దారి దొరికింది. వితంతువు బతుకు బాగుపడాలన్న ఇతివృత్తం నిలబడింది, దాన్ని వాడుకోబోయిన గిరీశం పక్కకి పోయాడు. ఒక మాట సరైనదై ఉండి, అన్నవాడు మోసగాడు కావచ్చు. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం వస్తే కన్యాశుల్కం సగం చేతికి చిక్కినట్టే.

"సరే, గిరీశం కాకపోతే సౌజన్యారావు గురజాడ గొంతు" అంటారు కొందరు. అదీ తొందరపాటే. సానివాళ్ల మొహం చూడనన్న ఆ మంచిమనిషి దగ్గరికి మధురవాణి మగవేషంలో వస్తుంది. ఆయన పట్టుదల ఎక్కడ సడలుతుందో చూపించి, చెడనివారిని చెడగొట్టకూడదని తానే వెనక్కి తగ్గుతుంది. రచయిత అందరికంటే మంచి పాత్రని కూడా పరీక్షకి నిలబెట్టారు. మంచి నాటకంలో రచయిత ఏ ఒక్కరి నోట్లోనూ పూర్తిగా దొరకరు.

మరి గురజాడ సొంత గొంతు ఎక్కడ వినబడుతుంది? పీఠికలో. 1897 ప్రతికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట తీసి చదవండి. విజయనగరం ఆనంద గజపతి మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహాల, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్ల, జాబితా తయారు చేయించారు. లెక్కకొచ్చినవి 1,034.

[తెర మీద: అంకెలు ఒక్కొక్కటిగా రావాలి. సంగీతం వద్దు.]

వాళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44 మంది. మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

ఇక్కడ ఛలోక్తి లేదు, వేషం లేదు. ఇది గురజాడ తన పేరు మీద చెప్పిన మాట. పోస్టర్ వేయాలంటే దీన్ని వేయండి. గిరీశం కబుర్లకి మనం నవ్విన నవ్వంతా ఈ అంకెల మీద నిలబడి ఉందని అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఇదే పొరపాటు పద్యకావ్యంలో. "వారిజాక్షులందు వైవాహికములందు" అని మొదలై "బొంకవచ్చు నఘము పొందదధిప" అని ముగిసే పోతన పద్యం. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణం, డబ్బు, పరువు పోయేటప్పుడు, గోవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడేటప్పుడు అబద్ధమాడవచ్చు, పాపం లేదని అర్థం. పెళ్లి సంబంధాల్లో అబద్ధం చెప్పి, "భాగవతంలోనే ఉందండీ" అని దీన్ని చదువుతారు.

నాలుగు ప్రశ్నలు. అన్నది శుక్రాచార్యుడు. బలి చక్రవర్తితో. వామనుడికిచ్చిన మాట తప్పించాలని. తర్వాత? బలి ఒప్పుకోలేదు. "కారే రాజులు రాజ్యముల్ గలుగవే" అన్న పద్యం దీనికి జవాబుగా వచ్చిందే. రాజ్యం పోయినా మాట తప్పనన్నాడు. అంటే ఆ సలహాని కథే తోసిపుచ్చింది. కాదని తేల్చిన మాటనే మనం ప్రమాణంగా చూపిస్తున్నాం. శుక్రాచార్యుణ్ణి గిరీశంతో పోల్చడం కాదు, ఆయన శిష్యుడి క్షేమం కోరిన గురువు. పోలికంతా మాటని కత్తిరించే పద్ధతిలోనే ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి. నన్నయ "నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె" పద్యం. నూరు నూతుల దగ్గర మొదలుపెట్టి ఒక్క సత్యవాక్యం దగ్గర ఆగే మెట్ల వరస. దీన్ని అందరూ నీతిపద్యంగానే వల్లిస్తారు. కానీ అంటున్నది శకుంతల. నువ్వెవరో నాకు తెలియదన్న దుష్యంతుడితో, నిండు సభలో, పక్కన కొడుకుని పెట్టుకుని. నూరు యజ్ఞాల కంటే కొడుకు మేలు అన్న మెట్టు దగ్గర ఒక్కసారి ఆగండి. ఆ కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు. సందర్భం కలిపితే ఈ పద్యం అర్థం మారదు, బరువు పెరుగుతుంది.

[తెర మీద: రెండు మంచాలు, పక్కపక్కన]

ఇక వచనకథ. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో గిరీశం మంచం కింద దూరతాడు. 1910లో గురజాడే రాసిన "దిద్దుబాటు"లో కూడా మంచం కింద ఒకరున్నారు, గోపాలరావు భార్య కమలిని. రచయిత ఒక్కరే, మంచం కింద దాక్కోవడం ఒక్కటే, సానుల మోజు అన్న ఇతివృత్తమూ ఒక్కటే. ఫలితం మాత్రం వేరు. నాటకంలో గిరీశం దూరడం మన కళ్ల ముందే జరుగుతుంది. మనకి తెలుసు, పాత్రల్లో కొందరికి తెలియదు. నవ్వు అక్కడ పుడుతుంది. కథలో మనం గోపాలరావు వెంటే ఇంట్లోకి అడుగుపెడతాం. ఆయనకి కనబడనిది మనకీ కనబడదు. భార్య వెళ్లిపోయిందని ఆయన కంగారుపడితే మనమూ నమ్ముతాం. చివర్లో మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపించినప్పుడు ఆయనతో పాటు మనమూ దొరికిపోతాం. మొదటిది పక్కనుంచి చూసే ఏర్పాటు, రెండోది లోపలినుంచి అనుభవించే ఏర్పాటు. ప్రక్రియ మారితే ఏం మారుతుందని అడిగేవాళ్లకి ఈ రెండు మంచాలు చూపించండి.

అదే కథలో నౌకరు రాముడు ఆడవాళ్ల చదువు గురించి ఎకసెక్కంగా ఒక మాటంటాడు. దాన్ని కత్తిరించి గురజాడ పేరు పెడితే, స్త్రీవిద్య కోసం తపించిన మనిషి దానికి వ్యతిరేకి అయిపోతాడు. ఎంత అన్యాయమో చూడండి.

సమయం దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

నవలలో ముందు చూడాల్సింది కథ "నేను" అని నడుస్తోందా, "అతను" అని నడుస్తోందా అన్నది. చలం "మైదానం"లో "నేను" అంటే రాజేశ్వరి, చలం కాదు. ఆ నవల చదివి చలం ఇలా చేయమన్నాడని తిట్టేముందు, ఆయన తన పేరుతో వాదించిన వ్యాసాల పుస్తకం "స్త్రీ" పక్కన పెట్టుకుని చదవండి. ఏ మాట ఎవరిదో తేలుతుంది.

"అతను" అని నడిచే నవలల్లో ఇంకో చిక్కుంది. ఈ నాలుగు వాక్యాలు చూడండి: "రంగారావు తలుపు తీశాడు. గదిలో ఎవరూ లేరు. ఎందుకుంటారు? మంచివాడికి ఈ లోకంలో తోడెవరు?" మొదటి రెండూ కథకుడివి. చివరి రెండూ రంగారావు మనసులోవి, "అనుకున్నాడు" అన్న మాట మాత్రం లేదు. మనం ఆయన్ని మంచివాడని నమ్మేస్తాం, ఆ మాటన్నది ఆయనే అని గమనించం. అలా నమ్మి చదివితే గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు మాటలన్నీ రచయిత సిద్ధాంతాలుగా కనబడతాయి. పేరులోనే "అసమర్థుడు" అని గోపీచంద్ చెప్పేశారు కదా! ప్రశ్నార్థకం, "ఛీ", "పాపం", "ఏం లాభం" లాంటివి కనబడ్డ చోట ఆగి, ఇది ఎవరి గొంతు అని అడగండి.

ఆత్మకథలో రాసినవారూ పాత్రా ఒకరే, కానీ వయసులు వేరు. వీరేశలింగం "స్వీయచరిత్రము" చదివేటప్పుడు ఆ పని చేసిన కుర్రాడెవరో, దాన్ని తలచుకుంటున్న పెద్దాయన ఎవరో విడదీసుకోండి. "దేశమంటే మట్టి కాదోయ్" లాంటి గేయం దగ్గర ఈ గొడవ తక్కువ. అక్కడ పాత్ర లేదు, కవే నేరుగా మాట్లాడుతున్నారు. దాని కింద గురజాడ పేరు నిశ్చింతగా రాయండి.

చివరిగా, ఏ ప్రతి (ముద్రణ) చదువుతున్నాం అన్న సంగతి. కన్యాశుల్కం 1897లో ఐదంకాలు, 1909లో ఏడంకాలు. చాలా మార్చి రాశారు, మధురవాణి బాగా పెరిగింది రెండోదానిలోనే. కాబట్టి ఉటంకించేటప్పుడు ఏ ప్రతి, ఏ అంకం అన్నది కూడా వేయండి. సినిమా చూసి రాయకండి. 1955 సినిమాలో గిరీశం ఎన్టీఆర్, మధురవాణి సావిత్రి. ఆ నటుల మీద అభిమానం పాత్ర మీదికి పాకుతుంది, అక్కణ్ణించి మాట మీదికి.

[తెర మీద: మొదటి పోస్టర్ మళ్లీ. సంతకం కొట్టేసి, "గిరీశం, వెంకటేశంతో. కన్యాశుల్కం, గురజాడ అప్పారావు" అని పడాలి.]

ఇలా రాయడానికి ఒక్క వరస చాలు. మీ దగ్గర అలాంటి పోస్టర్లు ఉంటే కింద పెట్టండి. వచ్చే వీడియోలో మధురవాణి మాటలు తీసుకుందాం.