బరువు ఎక్కడికి పోతుంది?

పెద్దలకీ, పాలిటెక్నిక్ పిల్లలకీ, ఇవాళ పని మానుకుని వచ్చిన, బస్తాలు మోసే ముఠా కార్మికులకీ, కొబ్బరికాయల దింపు కార్మికులకీ నమస్కారమండి. వేదిక మీది పేర్లన్నీ చదివితే ఉన్న పావుగంటా దానికే చెల్లిపోతుంది, మన్నించండి. ఒంటికి తొడుక్కుంటే బరువు పనికి ఆసరా ఇస్తాయనే యంత్రాల గురించి ఇవాళ్టి మాట.

ముందు ఒక పని చేద్దాం. మీ పక్కనున్న లీటరు నీళ్ళ సీసా తీసుకుని, భుజం ఎత్తున చెయ్యి బారజాపి పట్టుకోండి. నేను చెప్పేదాకా దించొద్దు.

సీసా కేజీ. భుజానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే భుజం మీద పడే టార్కు, అదే భుజాన్ని కిందికి తిప్పే బలం, బరువుని దూరంతో హెచ్చిస్తే 60 కేజీ సెంటీమీటర్లు. మరి చెయ్యో? 60 కేజీల మనిషికి ఒక్కో చెయ్యి దాదాపు 3 కేజీలు. ఆ బరువు సుమారు 28 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. అది 84. సీసా కన్నా మీ చెయ్యే మీకు బరువండి! చాలు, దించేయండి.

స్ప్రింగు చొక్కా పనికొచ్చేది ఇక్కడే. మోటారు లేదు, బ్యాటరీ లేదు. జబ్బ కింద పట్టీ, వెనక స్ప్రింగు, నడుముకి బెల్టు. చేతి బరువుని భుజం మీంచి నడుముకి దింపుతుంది, అంతే. 2018లో ఫోర్డ్ కంపెనీ 15 కర్మాగారాల్లో పనివాళ్ళకి ఎక్సోవెస్ట్ అనే ఇలాంటి చొక్కా ఇచ్చింది. ఒక్కో చేతికి 2.2 నుంచి 6.8 కేజీల ఆసరా. మన దగ్గర పడవ అడుగున వెల్డింగు చేసేవాళ్ళకి, సీలింగు పనివాళ్ళకి అక్కరకొస్తుంది.

అదే చొక్కాతో వంగి పనలు కట్టమంటే? స్ప్రింగు చేతుల్ని పైకే నెడుతుంది, దాంతో పెనుగులాడుతూ కట్టాలి. 75 కేజీల ధాన్యం బస్తా వీపున వేసుకున్న మనిషికి తొడిగితే? ఆ బరువు వెన్ను మీదా మోకాళ్ళ మీదా ఉంది. చొక్కా దాన్ని తాకదు, పైగా తన బరువు కలుపుతుంది. ఏ యంత్రమూ బరువుని మాయం చెయ్యదండి, చోటు మారుస్తుంది. ఎక్కడికి మారుస్తోందని అడగండి. మళ్ళీ చెబుతున్నాను, అదొక్కటే అడగండి.

కాళ్ళ దాకా దిగే పెద్ద చట్రం తొడుగుదామంటారా? 1965లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ హార్డిమాన్ అని మొదలెట్టింది. 680 కేజీలు ఎత్తాలనుకున్నారు. చట్రం బరువే 680 కేజీలు! చివరికి ఒక్క చెయ్యి పనిచేసింది, 340 కేజీల దాకా ఎత్తింది. మొత్తం చట్రాన్ని కదపబోతే అదుపు తప్పి విదిలించుకుంది. లోపల మనిషిని పెట్టి ఒక్కసారీ నడపలేదు.

పిల్లలూ, ఇది మీకు. మీ ప్రాజెక్టుల్లో వాడే చిన్న మోటారు, ఎంజీ 996 ఆర్ సర్వో, 6 వోల్టుల దగ్గర ఇచ్చేది 11 కేజీ సెంటీమీటర్లు, అదీ తిరగలేక ఆగిపోయే చోట. 5 కేజీల కొబ్బరిగెల పట్టుకుంటే గెలకి 300, చేతికి 84, మొత్తం 384 కావాలి. గేర్లతో పెంచితే వేగం పోతుంది. మర చుట్లతో పళ్ళచక్రాన్ని తిప్పే వర్మ్ గేరు పెడితే, కరెంటు పోగానే చెయ్యి ఎక్కడుంటే అక్కడే బిగుసుకుంటుంది. రెండో చేత్తో ఒక్క లాగుకి ఊడే పిన్ను లేకుండా ఏ మోటారు చెయ్యీ మనిషికి కట్టొద్దు. ఇంకోటి. భుజం తలుపు బందు కాదు. చెయ్యి లేపితే కీలే పైకి జరుగుతుంది, మీ చట్రం జరగదు. పట్టీలు ఒరుసుకుని చర్మం లేచేది అందుకే.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా మచ్చలు పడుతుంది, 316 రకం అడగండి. పట్టీలు రెండు జతలుండాలి, రోజూ ఉతకాలి. కండరం సంకేతంతో మూసుకునే కృత్రిమ చెయ్యి చెమటకి తడబడుతుంది, పట్టు జారుతుంది. నూర్పిడి యంత్రంలో చెయ్యి పోయిన రైతుకి పొలంలో నమ్మకమైంది తీగ లాగితే పనిచేసే కొక్కెం చెయ్యే. బురదైతే కడుక్కోవచ్చు, దాని తీగ సైకిలు బ్రేకు తీగ లాంటిదే.

నా బాధల్లా ఒకటేనండి. చల్లటి హాల్లో, ఖాళీ చేత్తో, ఐదు నిమిషాలు ఊపి చూపించి అమ్ముతారు. దాళ్వా (రెండో పంట) కోతల్లో, ఏప్రిల్ ఎండలో, కాటా దగ్గర పూర్తి పూట చూపించమనండి! ముఠా మేస్త్రులూ, మీకు ముందు కావలసింది రోబో కాదు. 75 కేజీల బస్తా 50కి తగ్గాలి, నడుం ఎత్తు బల్ల కావాలి, లారీకి బెల్టు కన్వేయరు కావాలి. వీటికి లేని డబ్బు మోటారు చొక్కాకి ఎలా వచ్చిందో నిలదీయండి.

ఆ బల్ల మీద స్ప్రింగు చొక్కా పెట్టాం. దింపు కార్మికులు ముందు రండి. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. స్ప్రింగు అన్నిటికన్నా తక్కువ బిగువులో మొదలెట్టండి. చెయ్యి దించినప్పుడు అదే పైకి లేస్తుంటే బిగువు ఎక్కువైందని గుర్తు.