మూడు వానాకాలాలు చూసిన సోఫా: పర్లాకిమిడి మా ఇంటి నుంచి రివ్యూ

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఊరు ఒడిశాలో, గజపతి జిల్లాలో. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మేము కుర్చీ అంటాం, మా వడ్రంగి మేస్త్రి చౌకి అంటాడు. ఈ వీడియోలో మా అమ్మ కోసం ఆయనతో చేయించిన కుర్చీ గురించి చాలా మాట్లాడతాను.

సోఫా రివ్యూలు చాలావరకు సోఫా ఇంటికి దిగిన రోజే చేస్తారు. ఆ రోజు ఏ సోఫా అయినా బాగానే ఉంటుంది. అసలు సంగతి వానలు పడ్డాక తెలుస్తుంది. మా ఇంట్లో 2022 వేసవిలో కొన్న సామాను ఇప్పటికి మూడు వానాకాలాలు చూసింది. ఏది నిలబడింది, ఏది పాడైంది, ఎందుకు పాడైంది, ఒక్కొక్కటీ చూపిస్తాను.

ముందు ఈ సోఫా. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ చెయ్యి ఆనించే చోటు చూడండి. పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. తల ఆనే చోట కూడా అంతే. దుకాణంలో దీన్ని లెదరెట్ అన్నారు, ఇంట్లో మనం రెక్సిన్ అనేస్తాం. లోపల గుడ్డ ఉంటుంది, దాని మీద పాలీయురేథేన్ అనే పలచని పూత. మన వైపు వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటే రోజులే ఎక్కువ కదా. ఆ తేమ, ఒంటి చెమట, తలనూనె కలిసి పూతను లోపలి నుంచి తినేస్తాయి. పెళుసెక్కి రాలిపోతుంది. ఒకసారి మొదలైతే అతికించడానికి లేదు, తడిగుడ్డతో తుడిచినకొద్దీ ఇంకా ఊడుతుంది. పాతకాలం రెక్సిన్ పీవీసీది. అది ఇలా రాలదు కానీ గట్టిపడి చీలుతుంది. వీపుకి చెమట పట్టడంలో మాత్రం రెండూ ఒకటే. ఏప్రిల్ నెలలో కరెంటు పోయినప్పుడు దాని మీద పది నిమిషాలు కూర్చోలేం.

అందుకే మన వాతావరణానికి సోఫా మీద మందపాటి నూలు బట్టే వేయించుకోండి. జిప్పు ఉన్న కవరు కావాలని ముందే అడగండి. ఉతుక్కోవచ్చు, ఎండేసుకోవచ్చు. మాసిపోతుందని రెక్సిన్ తీసుకుంటాం. మాసిన నూలు కవరు ఉతికితే తెల్లారేసరికి కొత్తది. ఊడిన రెక్సిన్‌కి అలాంటి దారి లేదు.

ఇప్పుడు సోఫాని తిరగేస్తున్నాను. అడుగున చూడండి, ఈ చెక్క ఉబ్బి అంచులు విచ్చుకుంది. ఇది పార్టికల్ బోర్డు. రంపపు పొట్టు, చెక్క ముక్కలు జిగురుతో కలిపి ఒత్తి చేస్తారు. తడి తగిలిందంటే ఉబ్బుతుంది, ఎండాక మళ్ళీ పాత మందానికి రాదు. స్క్రూ ఒకసారి ఊడితే అదే కన్నంలో మళ్ళీ పట్టదు. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లా అంతా అతలాకుతలమైంది. మా హాల్లోకి చీలమండల దాకా నీళ్ళు వచ్చాయి. టీవీ కింద ఉన్న బల్ల ఇలాంటి బోర్డుదే, రెండు రోజుల్లో ఉబ్బి విరిగిపోయింది. అదే హాల్లో ఉన్న అమ్మమ్మగారి నాటి చెక్కపెట్టెకి కాళ్ళు ఎత్తుగా ఉన్నాయి, దానికి ఏమీ కాలేదు. అంత చూసి కూడా 2022లో సోఫా కొన్నప్పుడు దాన్ని తిరగేసి చూడలేదు. మీరు తప్పకుండా తిరగేయించండి. దుకాణంవాళ్ళు మొహం చిట్లించినా సరే. అడుగున గుడ్డ కొట్టి ఉంటే ఒక మూల విప్పి చూపించమనండి. నేలకి, సోఫా అడుగుకి మధ్య చీపురు దూరేంత ఖాళీ ఉండాలి.

అలమారాకి ప్లైవుడ్ కొంటున్నారా? షీటు మీద ముద్ర చదవండి, ఐఎస్ అంటే భారత ప్రమాణం. ఐఎస్ 303 ఉండి ఎంఆర్ అని రాసి ఉంటే అది గాలిలో తేమను తట్టుకుంటుందే కానీ, నీళ్ళను కాదు. పడగ్గది అలమారాకి అది చాలు. వంటింటి సింకు కింద, స్నానాలగది గోడ పక్కన పెట్టేదానికి ఐఎస్ 710 తీసుకోండి. మెరైన్ ప్లై అంటారు దాన్ని. ఖరీదు ఎక్కువే, కానీ అక్కడ మిగతావి నిలవవు.

ఇక స్పంజి గురించి. అందరూ చేయగలిగిన ఒక పరీక్ష చెప్తాను. దుకాణంలో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. ఒక ఘనపు మీటరు స్పంజి ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె చెప్తుంది. మెత్తదనానికి, దానికి సంబంధం లేదు. 40 డెన్సిటీలో మెత్తనిదీ దొరుకుతుంది, గట్టిదీ దొరుకుతుంది. అంకె పెరిగేకొద్దీ ఎక్కువ కాలం కుంగకుండా ఉంటుంది. ఇప్పుడు లెక్క చూడండి. 24 అంగుళాలు పొడవు, 24 వెడల్పు, 5 మందం ఉన్న దిండు 32 డెన్సిటీ అయితే సుమారు కిలోన్నర తూగాలి. 40 అయితే దాదాపు కిలో 900 గ్రాములు. మా సోఫా దిండు సరిగ్గా ఆ కొలతే. 40 అని బిల్లు మీద కూడా రాసిచ్చారు. కవరు తీసి తూచాను, ఇదిగో కాటా మీద పెడుతున్నాను, కిలో 200 గ్రాములు. అంటే పాతిక డెన్సిటీ. రెండో ఏడాదికే మధ్యలో గుంట పడడానికి కారణం ఇదే. 24 వేలు పెట్టి కొన్న సోఫా ఇది. నాకు నిజంగా బాధేసింది. దుకాణంలో తూచి చూపించమని అడగడానికి మొహమాటపడకండి. బంగారం తూచి కొంటాం, బియ్యం తూచి కొంటాం.

ఇంతకన్నా నన్ను ఎక్కువ కదిలించిన సంగతి మా అమ్మ మోకాళ్ళు. అమ్మకి 68 ఏళ్ళు. ఈ సోఫా సీటు నేల నుంచి 17 అంగుళాలే. కొలత బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ కూర్చుంటే స్పంజి కుంగి సీటు బాగా కిందికి దిగుతుంది. సీటు లోతు 24 అంగుళాలు. వీపు ఆనించుకుంటే అమ్మ పాదాలు నేలకి అందవు, పాదాలు ఆనిస్తే వీపుకి ఆనుడు ఉండదు. లేవాలంటే రెండుసార్లు ఊగి, నా చెయ్యి పట్టుకుని లేచేది. కొన్నాళ్ళకి అమ్మ హాల్లో కూర్చోవడమే మానేసింది. వంటింట్లో పీట వేసుకుని కూర్చునేది. పీట మీద నుంచి లేవడం ఇంకా కష్టం, అయినా అక్కడే కూర్చునేది, ఎందుకంటే అక్కడ గట్టు పట్టుకోవచ్చు. చుట్టాలొస్తే అందరూ హాల్లో, అమ్మ ఒక్కతే వంటింట్లో. అది చూశాకే నేను టేపు తీసుకుని కొలవడం మొదలుపెట్టాను.

కొలత ఇలా తీసుకోండి. గట్టి బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పుల్లేకుండా, మోకాలి వెనక మడత నుంచి నేల వరకు కొలవండి. అమ్మది 15న్నర అంగుళాలు. మామూలు మనిషికి సీటు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటే పాదాలు నేల మీద ఆనుతాయి, తొడల కింద ఒత్తిడి ఉండదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అంగుళం, అంగుళంన్నర ఎక్కువ ఉండాలి. సీటు ఎత్తుగా ఉంటే లేచేటప్పుడు మోకాలు తక్కువ వంగుతుంది, భారం తగ్గుతుంది. లోతు ఎంతంటే, వీపు ఆనించి కూర్చున్నాక సీటు అంచుకి, మోకాలి మడతకి మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. చేతులు ఆనించే కొయ్యలు సీటుకి 8 అంగుళాల పైన, ముందుకి సీటు అంచు దాకా రావాలి. చాలా కుర్చీలకి చేతికొయ్య సగంలో ఆగిపోతుంది. లేచేటప్పుడు పట్టుకోవడానికి ముందు భాగమే కావాలి.

ఇదిగో, ఆ కొలతలతో చేయించిన కుర్చీ. సీటు ఎత్తు 17, లోతు 16. మా వీధిలో పాత ఇల్లు పడగొడుతుంటే ద్వారబంధం కర్ర కొన్నాం, టేకు. మేస్త్రి చెయ్యిపెట్టి చూసి, "ఇది యాభై ఏళ్ళు ఆరిన కర్రమ్మా, ఇంక వంకర తిరగదు" అన్నాడు. పచ్చి కర్రతో చేస్తే ఎండాకాలానికి కీళ్ళు వదులవుతాయి. కర్ర కొనేటప్పుడు చేవ ఎంత ఉందో చూడండి. నడిమి ముదురు రంగు భాగమే చేవ. అంచున తెల్లగా ఉన్న భాగానికి పుచ్చు తొందరగా పడుతుంది. టేకులో ఉండే నూనె వల్ల చెదలు అంత తేలిగ్గా పట్టవు. వేగిస కూడా మంచిదే, మన వైపు పాత ఇళ్ళల్లో చాలా కనిపిస్తుంది. మామిడి చెక్క చవక, కానీ మందు కొట్టించకుండా తీసుకోవద్దు.

సీటుకి స్పంజి వేయించలేదు. పేముతో అల్లించాం. కింద నుంచి గాలి ఆడుతుంది, చెమట పట్టదు. పేముకి తేమ శత్రువు కాదు. మరీ ఎండిపోతేనే పెళుసెక్కుతుంది. కొంచెం వదులైతే అడుగు వైపు తడిగుడ్డతో బాగా తడిపి, ఎవరూ కూర్చోకుండా నీడలో రెండు రోజులు ఆరనివ్వండి, బిగుసుకుంటుంది. మొత్తం కూలితో కలిపి 4,500 అయింది. అమ్మ ఇప్పుడు ఎవరి సాయం లేకుండా లేస్తుంది. సాయంత్రం టీ హాల్లోనే తాగుతుంది.

పక్కనున్నది మా నాన్నగారి పడక్కుర్చీ. క్యాన్వాసు గుడ్డ మార్చాం, అంతే. దీని గురించి చాలామంది గొప్పగా చెప్తారు, నాకూ ఎంతో ఇష్టం. పేపరు చదువుతూ కునుకు తీయడానికి ఇంతకంటే హాయి లేదు. కానీ మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని దీంట్లో కూర్చోబెట్టకండి. లోతుగా వాలిపోతారు, లేవడం నరకం. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇదే సుఖం అనుకోవడం పొరపాటు.

మంచం సంగతి త్వరగా చెప్పేస్తాను. కింద పెట్టె ఉన్న మంచం వద్దు. మాదీ అదే. దుప్పట్లు పెట్టాం, ఆగస్టుకల్లా ముక్కవాసన, సెప్టెంబరుకి తెల్లటి బూజు. గాలి ఆడని చోట ఎన్ని కలరా ఉండలు వేసినా అంతే. చోటు లేక తప్పదంటే పక్కలకి కన్నాలు పెట్టించండి, గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా జరపండి. లేకపోతే కాళ్ళ మంచం, దాని కింద ట్రంకుపెట్టె. అదే నయం.

ఇల్లు అలంకరించుకునే విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. మన చుట్టూ ఇంత పనితనం ఉండగా ఎక్కడి ప్లాస్టిక్ పువ్వులో, ఎక్కడి పోస్టర్లో గోడకి అంటించుకోవడం నాకు నచ్చదు. ఈ బొమ్మ చూడండి. రాయగడ జిల్లా గుణుపురం అవతలి కొండల్లో ఉండే లాంజియా సవర గిరిజనుల చిత్రం, ఇడిటల్ అంటారు. 2024 జనవరిలో దీనికి జీఐ, అంటే ఆ ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో ఎర్రమట్టి పూసిన గోడ మీద తెల్లగా, బియ్యప్పిండితో వేస్తారు. అలంకారానికి వేసే బొమ్మ కాదు అది. దేవతల కోసం, పోయిన పెద్దల కోసం పూజ చేసి వేస్తారు. గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్మేది మనం కొనుక్కుంటాం. అందుకే నేను దీన్ని చెప్పుల స్టాండు పైన కాకుండా, దీపం పెట్టే గూటి పక్కన పెట్టాను. వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించాను, గోడకి తగలకుండా. చెమ్మ గోడకి ఆనిన పటం రెండేళ్ళలో మరకలు పడుతుంది.

ఈ చిన్న కొంగ మా ఊరి కొమ్ము పని. ఇది ఎండ పడని అరలో ఉండాలి. ఈ ఇత్తడి చేప గంజాం జిల్లా బెలగుంఠది. పట్టుకుంటే నిజం చేపలా ఒంపులు తిరుగుతుంది, మా చుట్టాల పిల్లలు వదలరు. నెలకోసారి చింతపండుతో తోమితే చాలు. హాలు మొత్తానికి ఈ మూడే. ఇంకా పెడితే తుడవడానికే సాయంత్రం సరిపోతుంది.

లైట్లు హాల్లో పసుపు రంగువి పెట్టాను, డబ్బా మీద 3000కె అని ఉంటుంది. చదువుకునే చోట తెల్లనిది ఒకటి. కిటికీలకి పలచని నూలు తెరలు.

ఇంకొక్క మాట. షోరూమ్ హాలు మన హాలు కన్నా మూడింతలు ఉంటుంది, అక్కడ సోఫా చిన్నగానే కనిపిస్తుంది. కొనే ముందు ఇంటికొచ్చి ఆ కొలతకి పాత న్యూస్‌పేపర్లు నేల మీద పరవండి. ఒక రోజంతా వాటి చుట్టూ తిరగండి. మనిషి నడవడానికి రెండున్నర అడుగుల దారి మిగలకపోతే ఆ సోఫా మీ ఇంటిది కాదు.

ఈ పాత సోఫాని నేను పారేయడం లేదు. పై ఫ్రేము గట్టిగానే ఉంది. అడుగు బోర్డు తీసేసి చెక్కపట్టీలు కొట్టిస్తున్నాం, నాలుగు అంగుళాల కాళ్ళు వేయిస్తున్నాం. తూచి తెచ్చిన స్పంజి, నూలు కవర్లు. లోతు తగ్గించడానికి వెనక ఒక దిండు. దీపావళి తర్వాత, అంటే మరో వానాకాలం చూశాక, అది ఎలా ఉందో ఇక్కడే చూపిస్తాను. కుర్చీ కొలతలన్నీ ఇప్పుడు తెర మీద వేస్తున్నాను, ఫొటో తీసుకోండి. కానీ అవి మా అమ్మ కొలతలు. మీ ఇంట్లో ఎవరు కూర్చుంటారో వాళ్ళ మోకాలి మడత కొలిచాకే మేస్త్రికి చెప్పండి.