ఫ్యామిలీ హిస్టరీ: నిల్

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన పెన్షనర్ల సంఘం కార్యవర్గానికి, ఇంత ఎండలో బ్రాడీపేట నుంచీ అరండల్‌పేట నుంచీ వచ్చిన మీ అందరికీ నమస్కారం. ముందు వరసలో నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు కూర్చుని ఉన్నారు. మాస్టారూ, మీ పాదాలకు నమస్కారం. కార్యదర్శి గారు కుర్చీ వేయించారు కానీ, మీ ముందు నేను నిలబడే మాట్లాడతాను.

‘పెద్దల వైద్యంలో జన్యుశాస్త్రం’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. పన్నెండు పేజీలు రాసుకొచ్చాను. పొద్దున కాఫీ తాగుతూ చదువుకుంటే, నేను చెప్పాల్సిన మాట ఆ పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదనిపించింది. అందుకని కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను. నలభై ఏళ్ల కిందటి ఒక కేస్ షీటు గురించి చెబుతాను.

1984. నేను హౌస్ సర్జన్‌ని. ఏ ఆస్పత్రో చెప్పను, చెప్పాల్సిన పని లేదు. పిత్తాశయంలో రాళ్లని ఒక అమ్మ చేరింది. నలభై ఏళ్లు ఉంటాయి. బట్టల కొట్టు వాళ్లు, ఆర్యవైశ్యులు. కేస్ షీటు నింపడం నా పని. బీపీ రాశాను, షుగర్ రాశాను, పాత ఆపరేషన్లు లేవని రాశాను. ‘ఫ్యామిలీ హిస్టరీ’, అంటే ఇంట్లోవాళ్ల జబ్బుల వివరం రాసే గడి దగ్గరకొచ్చేసరికి ‘నిల్’, ఏమీ లేదు, అని రాసేశాను. ఆమెను అడగలేదు. అడగకుండానే రాశాను. అప్పుడు అందరం అలాగే రాసేవాళ్లం. ఇప్పటికీ చాలామంది అలాగే రాస్తున్నారు. ఈ ఊళ్లో ఏ ఆస్పత్రిలోనైనా ఒక పాతిక కేస్ షీట్లు తిరగేయండి, ఆ గడిలో ఎన్ని ‘నిల్’లు కనిపిస్తాయో చూడండి. మనుషులు పుట్టలోంచి పుట్టుకొచ్చినట్టు, తల్లీ తండ్రీ లేనట్టు రాస్తాం.

మర్నాడు ఆపరేషన్. గొంతులోకి గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి మత్తు డాక్టర్లు సక్సామిథోనియం అనే ఇంజెక్షన్ ఇస్తారు. వాళ్లు దాన్ని స్కోలిన్ అంటారు. నిమిషంలోపే పనిచేస్తుంది, ఐదు పది నిమిషాల్లో దాని బలం పోతుంది. పోవడానికి కారణం మన రక్తంలో ఉండే కోలినెస్టరేజ్ అనే ఎంజైము. అది ఆ మందును ముక్కలు చేసి పారేస్తుంది. ఆ అమ్మ రక్తంలో ఆ ఎంజైము పని దాదాపు సున్నా. ఆ సంగతి మాకు తెలియదు. ఆపరేషన్ అయిపోయింది, కుట్లు వేశారు, ఆమె మాత్రం ఊపిరి తీసుకోవడం లేదు.

దానికి విరుగుడు ఏమీ లేదు. మందు దానంతటది అరిగేదాకా మనం ఊపిరి ఇస్తూ ఉండాలి, అంతే. మాకున్న ఒక్క మిషనూ ఇంకో రోగికి పెట్టి ఉంది. నేనూ, ఇంకో హౌస్ సర్జనూ వంతులేసుకుని చేత్తో బ్యాగు నొక్కాం. నిమిషానికి 15 చొప్పున, ఆరు గంటలు. లెక్క తప్పుతుందేమోనని పైకే లెక్కపెట్టేవాణ్ణి: ఒకటి, రెండు, మూడు. సాయంత్రం నాలుగింటికి ఆమె కుడికంటి కొసన నీళ్లు కనిపించాయి. కన్ను తడిగా ఉందనుకుని దూదితో తుడిచాను. మళ్లీ వచ్చాయి. అప్పుడు అర్థమైంది నాకు. మత్తు దిగిపోయింది. ఆమెకు తెలివి ఉంది. వేలు కూడా కదల్చలేదు. అంతే.

మత్తు డాక్టరు గారు పరుగున వచ్చి నిద్రకు ఇంజెక్షన్ ఇచ్చారు. రాత్రికి ఆమె తనంతట తను ఊపిరి తీసుకుంది. రెండు రోజుల తర్వాత వార్డులో నా చెయ్యి పట్టుకుని, “లెక్కపెట్టింది నువ్వే కదూ నాయనా, ఆ గొంతు విన్నాను” అంది.

ఇది ఇక్కడితో అయిపోతే ఈ రోజు ఈ వేదిక ఎక్కేవాణ్ణి కాదు.

ఆ రోజు వరండాలో ఆమె అత్తగారు కూర్చుని ఉంది. ఆమె అత్తగారే మేనత్త కూడా, మేనరికం. “మా నాన్నకూ ఇంతే అయింది బాబూ. హెర్నియా ఆపరేషన్ చేస్తే మర్నాటిదాకా లేవలేదు, పోయాడనుకున్నాం” అంది. రోగికి ఆయన తాతగారు. సమాధానం వార్డు గుమ్మం బయట చాప మీద కూర్చుని ఉంది. నేను ‘నిల్’ అని రాశాను.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదండీ. 1950ల్లోనే వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త ఈ ఎంజైము తేడా వంశంలో దిగుతుందని చూపించాడు. ఒకే మందు ఒక్కొక్కరికి ఒక్కొక్కలా ఎందుకు పనిచేస్తుందో జన్యువుల్లో వెతికే శాస్త్రానికి ఫార్మకోజెనెటిక్స్ అన్న పేరు 1959లోనే వచ్చింది. మా పుస్తకంలో ఉంది. నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ తర్వాత కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం వాళ్లు, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి, ఆర్యవైశ్యుల్లో ఆ మార్పు ఏమిటో పట్టుకున్నారు. బీసీహెచ్ఈ అనే జన్యువు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనులో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంటుంది. జన్యువులో ఒక్క అక్షరం మార్పు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అలాంటివే వస్తేనే ఇబ్బంది. 2017లో మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 260కి పైగా దక్షిణాసియా సముదాయాలను పరిశీలించి అచ్చువేసిన పరిశోధనలో, వైశ్యుల్లో ఈ లోపం మిగతావారికంటే వంద రెట్ల దాకా ఎక్కువని రాశారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పనివ్వండి. నేను పుట్టిందీ ఆ కుటుంబాల్లోనే. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి సముదాయంలోనూ ఏదో ఒకటి ఇలా పోగుపడుతుంది. ఆ పరిశోధనలోనే అలాంటి సముదాయాలు 81 తేలాయి. మన దగ్గర ఒకటి బయటపడింది, మిగతావాళ్లవి ఇంకా వెతుకుతున్నారు. బయటపడటం మన అదృష్టం. ఆపరేషన్‌కు ముందు “మాది ఫలానా కుటుంబం, స్కోలిన్ వద్దండీ” అంటే వేరే మందు వాడతారు, ఇబ్బందే లేదు. అనుమానముంటే రక్తపరీక్ష ఉంది. గుంటూరు జిల్లాలో ఆ పరీక్ష తెలియని ఆస్పత్రి ఉండదు. పురుగుమందు తాగిన రైతును తెచ్చినప్పుడు మొదట చూసే కోలినెస్టరేజ్ పరీక్షే ఇది. పత్తి చేల పుణ్యమో పాపమో, ఆ పరీక్ష ఏళ్లుగా మన ముందే ఉంది. దాన్నే ఆపరేషన్‌కు ముందు, కుటుంబంలో ఇలాంటిది జరిగిన మనిషికి చేయించాలన్న ఆలోచనే మనకు రాలేదు.

మళ్లీ ఆ అమ్మ దగ్గరకు వస్తాను. డిశ్చార్జి రోజున తెల్లకాగితం మీద ఇంగ్లీషులో ఉత్తరం రాసిచ్చాను. “ఈమెకు ఈ మందు ఇవ్వకండి” అని. బీరువాలో పెట్టుకోమన్నాను. పెట్టుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత ఆమె తమ్ముడికి అపెండిసైటిస్ వచ్చింది. వేరే ఊరు, చిన్న నర్సింగ్ హోము. అదే ఇంజెక్షన్. ఊపిరి పూర్తిగా రాకముందే గొట్టం తీసేశారని తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి పోయాడు. ముప్పై నాలుగేళ్లు. కాగితం మీద ‘గుండె ఆగిపోవడం’ అని రాశారు. ఇంట్లో ఆయుష్షు తీరిందన్నారు.

ఆ నర్సింగ్ హోము వాళ్లను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమెకు తోబుట్టువులు ఎంతమంది అని నేను అడగలేదు. అది చెప్పడానికే చెబుతున్నాను. ఈ లోపం ఉన్న మనిషి తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఆ లెక్క నాకు తెలుసు. నేను మంచం మీద ఉన్న మనిషికి వైద్యం చేశాను, ఉత్తరం ఆమె ఒక్కదానికే రాశాను. ఆ కుటుంబం కూడా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు వాళ్లింట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉంది. “వాళ్ల రక్తంలో ఏదో ఉందట” అని బయటకు పొక్కితే సంబంధాలు రావని భయం.

అయ్యా, అమ్మా, మిమ్మల్నే అడుగుతున్నాను. మన ఇళ్లల్లో ఎంతమంది జబ్బులు ఇలా బీరువాల్లో ఉన్నాయి? “పెదనాన్న ఎలా పోయారు?” అని పిల్లలు అడిగితే “ఏదో, అలా పోయారులే” అంటాం. ‘గాలి సోకింది’ అంటాం, ‘దిష్టి’ అంటాం.

మొన్నటిదాకా నా దగ్గరకు వచ్చిన ఒక కండక్టరు సంగతి చెబుతాను. 38 ఏళ్లకే గుండెపోటు. స్టెంట్ వేశారు, మందులు రాశారు, పంపారు. నేను అతని చెప్పులు విప్పించి మడమ వెనక నరం పట్టుకు చూశాను. చిటికెన వేలంత ఉండాల్సింది బొటనవేలంత లావుగా, ముడులు ముడులుగా ఉంది. కొవ్వు పేరుకుంది. చెడు కొలెస్టరాల్ 270. “నాన్నగారు ఉన్నారా?” అంటే, “లేరండీ, 41 ఏళ్లకే చేలో పడిపోయారు, గాలి సోకిందన్నారు” అన్నాడు. అది గాలి కాదు. పుట్టుకతోనే కొలెస్టరాల్ పెరిగే వంశపారంపర్య జబ్బు. దాని గుట్టు విప్పినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ ఇచ్చారు. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఇది తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కటి వచ్చినా చాలు, అంటే పిల్లల్లో సగానికి సగం అవకాశం. అతని తమ్ముణ్ణి పిలిపించాం, చెల్లెల్ని పిలిపించాం, పదకొండేళ్ల కూతుర్నీ పిలిపించాం. మామూలు కొలెస్టరాల్ పరీక్ష, కొత్తపేటలో ఏ ల్యాబులోనైనా చేస్తారు. తమ్ముడికీ, పాపకీ ఉంది. ఇంకా ఏమీ కాకముందే దొరికారు. నా మొత్తం సర్వీసులో నాకు తృప్తినిచ్చిన రోజుల్లో అదొకటి.

జన్యువు అనగానే పుట్టిన పిల్లల జబ్బులనీ, లక్షల రూపాయల పరీక్షలనీ అనుకుంటాం. పెద్దల వైద్యంలో దాని పని రోజూ ఉంది. స్టెంట్ వేశాక రాసే క్లోపిడోగ్రెల్ అనే మాత్రను పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైము మన దేశంలో చాలామందిలో మందకొడిగా ఉంటుంది. మాత్ర వేసుకుంటూనే స్టెంట్ మళ్లీ మూసుకుపోతే ఆ సంగతి డాక్టరుగారిని అడగండి. సొంతంగా మాత్ర మానకండి, అడగండి. సీసీఎంబీ వాళ్లే 2009లో ఇంకోటి చెప్పారు: గుండె కండరం ప్రొటీను జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన మార్పు మన దేశంలో వందకు నలుగురిలో ఉంది, అది నడివయసు తర్వాత గుండెను బలహీనపరచవచ్చు.

చీటీ వచ్చింది. ఐదు నిమిషాలట. ఒక్కటి చెప్పకుండా దిగను.

ఇంగ్లీషువాళ్లకు ‘ఆంట్’ అంటే పిన్నీ ఆమే, మేనత్తా ఆమే. మనకు అలా కాదు. పిన్ని అనగానే అమ్మ వైపో, బాబాయి భార్యో తెలిసిపోతుంది. మేనత్త అంటే నాన్న తోబుట్టువు. జన్యుశాస్త్రానికి కావలసిన పటం మన భాషలో ముందే గీసి పెట్టి ఉంది. అయినా మేనత్తకు చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే, “అది నాన్నవైపు కదండీ, నాకేం సంబంధం” అంటారు ఆడపిల్లలు. నాన్న నుంచీ సగం జన్యువులు వస్తాయమ్మా. ఆ క్యాన్సర్‌కు సంబంధించిన జన్యువు నాన్న ద్వారా కూడా దిగుతుంది, ఆయనకు ఏ జబ్బూ లేకుండానే. అలాగే “గోత్రాలు వేరు, మాకేం భయం లేదు” అంటారు. గోత్రం నాన్న వరసనే లెక్కపెడుతుంది. మేనరికంలో గోత్రం వేరే అవుతుంది, రక్తం మాత్రం ఎనిమిదింట ఒక వంతు ఒకటే. మేనమామతో పెళ్లయితే నాలుగింట ఒక వంతు. పెళ్లయిపోయిన వాళ్లను నేను భయపెట్టడం లేదు, ఎక్కువమందికి ఏమీ కాదు. ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి అంటున్నాను. మా ఓపీ చీటీలో దానికి గడి లేదు. మీరే నోరు తెరిచి చెప్పాలి.

నా తోటి డాక్టర్లు కొందరు వెనక వరసలో ఉన్నారు. తమ్ముళ్లూ, ఓపీలో వందమంది ఉంటారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, నాకు తెలుసు. ఆ మూడు నిమిషాల్లో ఒక ప్రశ్న: “మీ ఇంట్లో యాభై ఏళ్ల లోపు పోయినవాళ్లు ఎవరండీ, ఎలా పోయారు?” అడగకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయండి. ‘నిల్’ అని మాత్రం రాయకండి. ఖాళీ గడి చూస్తే ఇంకొకడు అడుగుతాడు. ‘నిల్’ చూస్తే ఎవరూ అడగరు.

ఇక పెద్దలకు. తాతముత్తాతల సంగతి తెలిసిన ఆఖరి తరం మీదే. మీ మనవలకు ఆస్తి కాగితాలు ఎలాగూ ఇస్తారు. తలుపు దగ్గర బల్ల మీద తెల్లకాగితాలూ, పెన్సిళ్లూ పెట్టించాను. తలా ఒకటి తీసుకెళ్లండి. మధ్యలో మీ పేరు రాయండి, పైన అమ్మా నాన్నా, వాళ్ల అమ్మా నాన్నా, పక్కన తోబుట్టువులు, కింద పిల్లలు. ఒక్కొక్కరి పేరు పక్కన ఎన్నేళ్లు బతికారో, దేనితో పోయారో, మత్తుమందుతో గానీ మాత్రలతో గానీ ఎప్పుడైనా ప్రాణం మీదకొచ్చిందో రాయండి. మేనరికమైతే రెండు గీతలు గీయండి. తెలియకపోతే ‘తెలియదు’ అని రాయండి. పెన్సిలుతోనే రాయండి, ఎందుకంటే రాత్రికి మీ పెద్దక్కకు ఫోన్ చేశాక రెండు మూడు చోట్ల చెరిపి రాయాల్సి వస్తుంది.