స్టూడియో నెగెటివ్‌లను భద్రపరచడం: పెట్టె తెరిచిన దగ్గర నుంచి స్కానింగ్ వరకు

నమస్కారం. ఎన్నో ఏళ్లు ఒకే ఊళ్లో స్టూడియో నడిపిన ఫోటోగ్రాఫర్ నెగెటివ్‌లను చెడిపోకుండా కాపాడి, స్కాన్ చేసి, వివరాలు రాసిపెట్టే పద్ధతిని ఈ వీడియోలో చూద్దాం. అలాంటి సేకరణలో పోర్ట్రెయిట్లు, పెళ్లి ఫోటోలు, కర్మాగారాలవారు పురమాయించి తీయించుకున్న యంత్రాల, కార్మికుల చిత్రాలు కలగలిసి ఉంటాయి.

వాటిని మూడు గుట్టలుగా విడదీయాలని చాలామందికి అనిపిస్తుంది కానీ, పెట్టెలో ఉన్న వరుసను దయచేసి కదిలించకండి. యంత్రం పక్కన నిలబడిన మేస్త్రీయే పది నెగెటివ్‌ల తరువాత పెళ్లికూతురి తండ్రిగా కనిపించవచ్చు. ఆ రెండు చిత్రాలూ వేర్వేరు గుట్టల్లోకి వెళ్లిపోతే ఆ మనిషిని గుర్తుపట్టే దారి మూసుకుపోతుంది. విషయాలవారీ జాబితాలను కంప్యూటరులో ఎన్ని రకాలుగానైనా తయారు చేసుకోవచ్చు గాని, చెదిరిపోయిన అసలు వరుసను తిరిగి కూర్చడం దాదాపు అసాధ్యం.

కాబట్టి పెట్టె మూత తీయగానే, లోపల ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తరువాత స్టూడియో రిజిస్టరు కోసం వెతకండి. నెగెటివ్ నంబరు, ఫోటో తీయించుకున్నవారి పేరు, తేదీ, సైజు, ఎన్ని కాపీలు అడిగారన్న సంగతి అందులో ఉంటే, ఈ మొత్తం సేకరణలో నెగెటివ్‌లతో సమానమైన విలువ దానికే ఉంటుంది. రిజిస్టరు దొరకనప్పుడు పాత కవర్ల మీది చేతిరాతే ఆధారం గనుక, కవరు మార్చినా పాతదాన్ని పారవేయకండి. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన నంబరునే కొనసాగించి, కొత్త కవరు మీద నెగెటివ్‌ను లోపల పెట్టకముందే పెన్సిల్‌తో రాయండి.

ఇప్పుడు ఏ నెగెటివ్ ఏ పదార్థంతో తయారైందో గుర్తించాలి, ఎందుకంటే ప్రమాదం ఉన్నది ఇక్కడే. 1889 నుంచి 1950ల తొలినాళ్ల వరకు నైట్రేట్ ఫిల్ము వాడుకలో ఉండేది. అది మండేటప్పుడు ప్రాణవాయువును తానే విడుదల చేసుకుంటుంది కాబట్టి నీళ్లు పోసినా మంట ఆగదు. పాడైపోతున్న నైట్రేట్ ఫిల్ము ఎండాకాలపు వేడికే అంటుకోవచ్చు. జిగటగా, గోధుమరంగుకు తిరిగి, ఘాటైన వాసన వేస్తున్న ఫిల్మును ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే నిపుణులను సంప్రదించండి. చిన్న ముక్కను కాల్చి చూసే పరీక్ష జోలికి మాత్రం పోవద్దు. అంచున ‘సేఫ్టీ’ అని ముద్రించి ఉంటే అది సాధారణంగా ఎసిటేట్ ఫిల్ము. దాని నుంచి వెనిగర్ వాసన వస్తోందంటే క్షీణత మొదలైందని అర్థం. అందులో పుట్టే ఆమ్లమే క్షీణతను ఇంకా వేగవంతం చేస్తుంది కనుక ఆ నెగెటివ్‌లను మిగిలినవాటి నుంచి వేరే పెట్టెలోకి మార్చి, వాటి పాత స్థానంలో నంబరు రాసిన చీటీ ఉంచండి. గాజు పలకలను ఒక్కొక్కటిగా ఆమ్లరహిత కాగితంలో చుట్టి, పొడవాటి అంచు మీద నిలబెట్టాలి. పగిలిన పలకలను మాత్రం పడుకోబెట్టాలి.

పోర్ట్రెయిట్ నెగెటివ్‌లను శుభ్రం చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. మెరుపు లేని వైపు, అంటే ఎమల్షన్ (చిత్రం ఏర్పడిన పలుచని పూత) ఉన్న వైపు, ముఖం మీద సన్నని పెన్సిల్ గీతలు కనిపించవచ్చు. ముడతలను, మచ్చలను తగ్గించడానికి రీటచింగ్ చేసినవారు ఎంతో ఓపికగా గీసిన గీతలవి. వాటిని మురికి అనుకుని తుడిచేస్తే ఆ పనితనం శాశ్వతంగా పోతుంది. ఎమల్షన్ వైపు గాలి బల్బుతో దుమ్ము ఊదడం తప్ప మరేమీ చేయకండి. నీళ్లూ, గుడ్డా వద్దు.

స్కానింగ్‌కు రంగు నెగెటివ్‌లనూ, వెనిగర్ వాసన వస్తున్నవాటినీ ముందుగా తీసుకోండి. వెండితో ఏర్పడిన నలుపు తెలుపు చిత్రం కంటే అద్దకాలతో ఏర్పడిన రంగు చిత్రం సాధారణంగా త్వరగా వెలిసిపోతుంది కనుక, పెళ్లి ఫోటోలలో చాలా భాగం ఈ తొందరలోకి వస్తాయి. 35 మిల్లీమీటర్ల ఫ్రేమును అంగుళానికి 4,000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 5,600 × 3,700 పిక్సెళ్ల చిత్రం వస్తుంది. మూల ఫైలును 16 బిట్ల టిఫ్‌గా (నాణ్యత తగ్గకుండా చిత్రాన్ని దాచే ఫైలు రకం), అంచులు కత్తిరించకుండా దాచండి, ఎందుకంటే అంచు మీది అక్షరాలు ఫిల్ము రకాన్ని చెబుతాయి. స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో దుమ్మును గుర్తించి చెరిపే సౌకర్యం ఉంటే, మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు దాన్ని ఆపేయండి. వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి స్కానర్ చిత్రంలోని భాగాలనే దుమ్ముగా భావించి చెరిపేస్తుంది.

కర్మాగారాల చిత్రాలకు వివరాలు రాయడం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. యాజమాన్యం కోరింది యంత్రం ఫోటో కాబట్టి కవరు మీద యంత్రం పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. అక్కడ పనిచేసి విరమించినవారికి పెద్ద ప్రింట్లు చూపించి, వారు చెప్పిన పేర్లను, చిత్రంలో జరుగుతున్న పని పేరును వారి మాటల్లోనే రాసుకోండి. ఎవరు, ఏ తేదీన చెప్పారో కూడా చేర్చండి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ నమోదు చేయండి.

నెగెటివ్ మీ దగ్గర ఉన్నంత మాత్రాన కాపీరైటు మీదైపోదు. ప్రచురించే ముందు మీ దేశపు చట్టాన్ని, ఫోటోగ్రాఫర్ వారసుల సమ్మతిని చూసుకోండి. ఏదైనా కుటుంబం తమ పెళ్లి ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టవద్దంటే నెగెటివ్‌ను భద్రంగానే ఉంచి, జాబితాలో దాని నంబరు పక్కన ఆ కోరికను తేదీతో సహా రాయండి. మీ తరువాత ఈ పెట్టెలను చూసుకునేవారికి ఆ సంగతి తెలియాలి.