పాత కంపెనీ పీఎఫ్: తీసేద్దామా, మార్చుకుందామా?

అందరికీ నమస్కారం. ముందు ఫోన్లో మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. మూడు గడులు కనబడతాయి: ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా. బేసిక్ జీతం, డీఏ (కరువు భత్యం) కలిపి నెలకు 15,000 అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,800 మీ జీతంలోంచి కోసి మొదటి గడిలో వేస్తారు. కంపెనీ కూడా 1,800 కడుతుంది గానీ, అందులో 8.33 శాతం కింద 1,250 పెన్షన్‌కు పోతుంది. రెండో గడికి మిగిలేది 550.

మొదటి రెండింటికీ ఏటా వడ్డీ వస్తుంది. 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. మూడో గడికి వడ్డీ లేదు, అక్కడ కూడేది మీ సర్వీసు, అంటే పనిచేసిన ఏళ్లు. ఉద్యోగం మారినప్పుడు దెబ్బ తగిలేది ఇక్కడే.

ఒకాయన నాలుగేళ్లు ఒకచోట చేసి మానేశాడు. ఫారం 19తో పీఎఫ్, ఫారం 10సీతో పెన్షన్ డబ్బు రెండూ తీసేసుకున్నాడు. తర్వాత ఇంకోచోట ఏడేళ్లు చేశాడు. పెన్షన్‌కు పదేళ్లు కావాలి, ఆయన లెక్కలో ఉన్నది ఏడే. పాత ఖాతాను కొత్త కంపెనీ ఖాతాకు మార్చుకుని ఉంటే పదకొండేళ్లయ్యేది. 15,000ను 11తో గుణించి 70తో భాగిస్తే, 58 దాటాక పెన్షన్ నెలకు దాదాపు 2,357. ఏమంత పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ అది బతికున్నన్నాళ్లూ వస్తుంది, తర్వాత భార్యకూ కొంత వస్తుంది.

పన్ను సంగతి. అయిదేళ్లు నిండకుండా 50,000, ఆపైన తీస్తే, పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చే ముందే కోసే పన్ను) పడుతుంది. బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా ఆ అయిదేళ్లలో కలుస్తుంది. అన్నట్టు, బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో పాత మొత్తం సున్నా అని కనబడుతుంది. కంగారుపడకండి. పెన్షన్ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు కదలదు, సర్వీసు వివరాలే వెళతాయి. అవి అనెక్షర్ కె అనే కాగితంలో ఉంటాయి, దింపుకుని దాచుకోండి.

ఇక క్లెయిములు ఎక్కువగా తిరిగొచ్చేది రూల్స్ వల్ల కాదు, పేర్ల వల్ల. మనకు ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో 'కె. శ్రీనివాస రావు', ఆధార్‌లో 'కొండా శ్రీనివాసరావు', పాన్‌లో 'శ్రీనివాసరావు కొండా'. మనిషి ఒకడే, కంప్యూటర్‌కు ముగ్గురు. ఆడవాళ్లకైతే తండ్రి పేరున్నచోట భర్త పేరు పడటం ఇంకో తలనొప్పి. ముందు ఆధార్ సరిచేయించుకుని, దాని ప్రకారం పాన్, బ్యాంకు, చివర పీఎఫ్ పేరు మార్చుకోండి. వరస తిప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

రెండో చిక్కు, మానేసిన తేదీ. పాత కంపెనీ అది ఎక్కించకపోతే ఫారం 19, 10సీ పీఎఫ్ పోర్టల్ మెనూలోనే కనబడవు. చివరి వాటా పడిన నెల నుంచి రెండు నెలలు ఆగి, 'మేనేజ్'లో 'మార్క్ ఎగ్జిట్' నొక్కి, ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. తేదీ ఆ చివరి నెలలోదే అయి ఉండాలి. ఒకసారి వేశాక మార్చుకోవడం కష్టం, రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని వేయండి.

ఉద్యోగంలో ఉండగా అడ్వాన్సు తీసుకోవాలంటే, పాత యూట్యూబ్ వీడియోలు నమ్మొద్దు. 13 రకాల ఉపసంహరణలను మూడింటికి కుదించాలని, 25 శాతం నిలవ ఉంచాలని 2025 అక్టోబరులో పీఎఫ్ సంస్థను నడిపే కేంద్ర ధర్మకర్తల మండలి నిర్ణయించింది. దరఖాస్తు చేసేరోజు పోర్టల్ ఏం చూపిస్తే అదే లెక్క.

నామినేషన్ కూడా చూసుకోండి. పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటే, పెళ్లితో అది చెల్లదు. కొత్తగా భార్య లేదా భర్త పేరుతో ఈ-నామినేషన్ వేసి, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయండి. ఈ-సైన్ కాకపోతే వేయనట్టే.