పెరటి గుమ్మం గడియ

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్‌కి కొంచెం అవతల నాకో నెట్ సెంటర్ ఉంది. 2006లో నాలుగు సిస్టమ్‌లతో తెరిచాను. హాల్‌టికెట్లు, పరీక్షా ఫలితాలు, రైలు టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, ఎవరి అవసరం వాళ్లది. ఇన్నేళ్లలో నా చేతులారా చేసిన పెద్ద తప్పు ఒకటుంది, వచ్చిన అప్‌డేట్‌ని వేసుకోకుండా ఆపేయడం. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

2013లో టెక్కలి వైపు నుంచి ఒక కాంట్రాక్టరు గారు మా షాపుకి వస్తుండేవారు. చిన్న పనులు ఆయనవి. సీసీ రోడ్డు, కల్వర్టు, స్కూలు ప్రహరీ, అలాంటివి. టెండర్లు ఆన్‌లైన్‌లో వేయాలి. ఆయన డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌లా ఉండే ఒక టోకెన్‌లో ఉండేది. ఆ టోకెన్‌తో బ్రౌజర్‌కి నేరుగా మాట్లాడటం రాదు. మధ్యలో జావా అనే ప్లగిన్ ఉండాలి. అదీ ఆ సైటు చెప్పిన పాత వెర్షనే ఉండాలి. కొత్తది ఎక్కిస్తే బిడ్ మీద సంతకం పడేది కాదు.

తెర కింద గడియారం పక్కన కాఫీ కప్పు బొమ్మ వచ్చి, జావాకి అప్‌డేట్ ఉందని రోజూ చెప్పేది. ఆయన దాన్ని చూసి, "బాబూ, దాన్ని ముట్టుకోకు. రేపు పదకొండింటికి టెండర్ మూసేస్తారు" అనేవారు. నేను ముట్టుకోలేదు. అంతటితో ఆగితే బాగుండేది. గోల ఎందుకని ఆటోమేటిక్ అప్‌డేట్‌నే ఆపేశాను. ఆ ఏడాది జనవరిలోనే, జావాలో కొత్తగా బయటపడ్డ రంధ్రం, అంటే దొంగలు దూరే లోపం సంగతి తెలిసి, బ్రౌజర్‌లో జావాని ఆపేసుకోండని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ జనానికి చెప్పింది. ఆ వార్త నేను చదివాను కూడా. చదివి, అమెరికా వాళ్ల గొడవ మనకెందుకులే అనుకున్నాను.

పగలంతా ఆ సిస్టమ్ మీదే అందరూ మెయిల్ చూసుకునేవారు. కాలేజీ కుర్రాళ్లు పాటలు డౌన్‌లోడ్ చేసుకునేవారు. కొన్నాళ్లకి హోమ్‌పేజీ దానంతట అదే మారిపోయింది. ఎవరూ తెరవని విండోలు తెరుచుకునేవి. ఒక లెక్చరర్ గారి మెయిల్ నుంచి, ఆయన పంపని ఉత్తరాలు ఆయన బంధువులందరికీ వెళ్లాయి. "నీ షాపులో తప్ప నేనెక్కడా మెయిల్ తెరవలేదయ్యా" అన్నారాయన. గట్టిగా కూడా అనలేదు. ఆ రాత్రి కూర్చుని సిస్టమ్ ఫార్మాట్ కొట్టాను. ఆయన మాత్రం మళ్లీ మా షాపు మెట్లెక్కలేదు.

ఇంతకీ ప్లగిన్ అంటే ఏమిటి? క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, ఇవన్నీ బ్రౌజర్లు. బ్రౌజర్‌ని ఇల్లనుకోండి. పాత రోజుల్లో ఆ ఇంటికి వీడియో చూపించడం, బొమ్మలాడించడం, టోకెన్‌తో మాట్లాడటం చేతకాదు. ఆ పనులు చేసే బయటి కంపెనీవాళ్లు ఇంటి వెనక సొంతంగా ఒక గుమ్మం పెట్టుకున్నారు. అదే ప్లగిన్. వీధి గుమ్మం తాళం సంగతి బ్రౌజర్ వాళ్లు చూసుకుంటారు. పెరటి గుమ్మం గడియ తుప్పు పట్టిందేమో చూడాల్సింది దాన్ని పెట్టిన కంపెనీ. కొత్త గడియ పంపినప్పుడు బిగించుకోవాల్సింది మనం.

మన ఊళ్లో చిన్న షాపు మీద ఎవరికి కన్ను పడుతుందిలే అని నాకు అప్పట్లో ధీమా. కానీ ఈ దొంగలు ఊరూ పేరూ అడిగి రారు. ఆ రోజుల్లో బ్లాక్‌హోల్ అనే దొంగసామాను అద్దెకు దొరికేది. దాని ముక్కని ఏదో ఒక మామూలు వెబ్‌సైట్‌లో దూర్చేవారు. మీరు ఆ పేజీ తెరిస్తే చాలు, మీ బ్రౌజర్‌ని అది వరసగా ఆరా తీస్తుంది. జావా ఏ వెర్షన్? ఫ్లాష్ ఏ వెర్షన్? పీడీఎఫ్ రీడర్ సంగతేమిటి? ఎక్కడ పాతది కనపడితే దానికి సరిపోయే మారు తాళంచెవి తీస్తుంది. మీరు దేన్నీ నొక్కక్కర్లేదు, ఏదీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. దాన్ని తయారుచేసినవాణ్ణి 2013లోనే రష్యాలో అరెస్టు చేశారు. అయితే ఆ విద్య వాడితో పోలేదు.

ఇక్కడ నాకు చాలా ఆలస్యంగా తట్టిన సంగతి ఒకటుంది. కంపెనీ ఒక మరమ్మతు విడుదల చేసిందంటే, రంధ్రం ఎక్కడుందో లోకానికి చెప్పేసినట్టే. దొంగలు పాత ప్రోగ్రామునీ కొత్త ప్రోగ్రామునీ పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ మార్చారో వెతుకుతారు. వరద రోజుల్లో నాగావళి గట్టు మీద ఇసుక బస్తాలు ఎక్కడ వేశారో చూస్తే, గట్టు ఎక్కడ బలహీనమో ఎవరికైనా తెలుస్తుంది. అప్‌డేట్ చేసుకున్నవాళ్ల గట్టు మీద ఆ చోట బస్తాలు ఉంటాయి. మన గట్టూ అలాంటిదే, అదే చోట బలహీనం, కాకపోతే బస్తాలు లేవు. అంటే అప్‌డేట్ రాకముందు కంటే, వచ్చాక చేసుకోకుండా కూర్చున్నవాడికే ప్రమాదం ఎక్కువ.

2012లో ఆపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్లకి ఇదే జరిగింది. జావాలో ఒక రంధ్రానికి దాని సొంతదారు ఒరాకిల్ కంపెనీ ఫిబ్రవరిలో మరమ్మతు ఇచ్చింది. మ్యాక్‌ల వరకు జావాని ఆపిలే అందించేది. ఆ మరమ్మతు అక్కడికి చేరేసరికి ఏప్రిల్ వచ్చింది. ఈలోగా ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ సుమారు 6 లక్షల మ్యాక్‌లలో దూరిపోయింది. మ్యాక్‌కి వైరస్ రాదని జనం గొప్పగా చెప్పుకునే రోజులవి.

ప్లగిన్ కథ కాదు గానీ, మనకి దగ్గరగా జరిగింది ఇంకొకటుంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌కి ఒక మరమ్మతు ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్ విరుచుకుపడింది. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి. ఆ మరమ్మతు వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా లాక్ అయిపోయాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దెబ్బతిన్న చోట్లలో శ్రీకాకుళం జిల్లా పేరు కూడా పేపర్లలో వచ్చింది.

మళ్లీ జావా దగ్గరికొస్తాను. తప్పు నాదే, కాదనను. కానీ అప్‌డేట్ చేసుకున్నవాళ్లకి కూడా న్యాయం జరగలేదు. కొత్త జావా ఎక్కించినా పాత జావాలు కంప్యూటర్‌లోనే పడి ఉండేవి. కొత్త గుమ్మం పెట్టి పాత గుమ్మం తెరిచి ఉంచినట్టు. ఈ సంగతి జనానికి సరిగ్గా చెప్పలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒరాకిల్ మీద కేసు పెట్టి, 2015 డిసెంబర్‌లో రాజీకి తెచ్చింది. పైగా జావా ఎక్కించేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే ఆస్క్ టూల్‌బార్ అని బ్రౌజర్ నెత్తిన కూర్చునే అదనపు పట్టీ ఒకటి వెంట వచ్చేది. మా షాపులో దాన్ని పీకడానికి నేను ఎన్ని సాయంత్రాలు పెట్టానో! అడగని సామాను అంటగట్టేవాడు అప్‌డేట్ అంటే జనానికి మొహం మొత్తదా మరి?

ఇక ఫ్లాష్ అనే మరో ప్లగిన్. కార్టూన్లు, ఆటలు, యూట్యూబ్ వీడియోలు ఒకప్పుడు దాని మీదే నడిచాయి. 2020 డిసెంబర్ 31తో దాన్ని అందించే అడోబీ కంపెనీ దానికి సపోర్టు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ ఉన్నా అందులో ఏదీ ఆడకుండా తనే అడ్డుకట్ట వేసింది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. "మీ ఫ్లాష్ ప్లేయర్ పాతదైంది, అప్‌డేట్ చేసుకోండి" అని ఈ రోజు ఏ పేజీ చెప్పినా అది పచ్చి అబద్ధం. చచ్చినవాడికి మందేమిటి? పాత కంప్యూటర్‌లో అది ఇంకా ఉంటే తీసేయడమే. బ్రౌజర్‌లో జావా అవసరం కూడా ఇప్పుడు లేదు. సంతకం టోకెన్లకి వేరే పద్ధతులు వచ్చాయి.

మరి అసలు అప్‌డేట్‌ని, నకిలీని ఎలా గుర్తుపట్టాలి? ఎవడు చెబుతున్నాడో చూడండి. మీరు ఏదో వార్తో సినిమానో చూస్తుండగా పేజీ మధ్యలో ఎర్ర అక్షరాలతో అప్‌డేట్ అని అరిస్తే, అది ఆ పేజీ మాట. మీ బ్రౌజర్ లోపల ఏముందో బాగుచేసే పని ఆ పేజీది కాదు. వెంటనే మూసేయండి. క్రోమ్ తన మాట తన చోటే చెబుతుంది. కంప్యూటర్‌లో కుడివైపు పైన మూడు చుక్కలుండే దగ్గర. అప్‌డేట్ వచ్చి రెండు రోజులు కాకపోతే ఆకుపచ్చ, నాలుగు రోజులైతే నారింజ, వారం దాటితే ఎరుపు. అప్పటికే అది డౌన్‌లోడ్ అయిపోయి ఉంటుంది. బ్రౌజర్‌ని ఒకసారి మూసి తెరవాలి, అంతే. చాలామంది ముప్ఫై ట్యాబ్‌లు తెరిచిపెట్టుకుని నెలల తరబడి బ్రౌజర్ మూయరు. గడియ వచ్చి గుమ్మం దగ్గరే పడి ఉంటుంది, బిగించేవాళ్లుండరు. నమ్మకం కుదరకపోతే మూడు చుక్కలు నొక్కి, సహాయంలోకి వెళ్లి, గూగుల్ క్రోమ్ గురించి అన్నది తెరవండి. అదే వెతుక్కుని అదే చెబుతుంది.

ఫోన్లో అయితే ప్లే స్టోర్. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో, చివర ఏపీకే అని ఉన్న ఫైల్ వస్తే తెరవకండి. శుభలేఖ చూడటానికి యాప్ ఎక్కించే ఆచారం మన వైపు ఎక్కడా లేదు.

ఇప్పటి పెరటి గుమ్మాలు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాములు. మంచివీ ఉన్నాయి. ఒకప్పుడు తెలుగు పేపర్లు ఒక్కొక్కటీ ఒక్కో ఫాంట్ వాడుతుంటే, పద్మ అని ఫైర్‌ఫాక్స్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ ఆ అక్షరాలని అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్చిపెట్టేది. నేను దానికి రుణపడి ఉన్నాను. కానీ ఎక్స్‌టెన్షన్ చేతులు మారవచ్చు. గ్రేట్ సస్పెండర్ అని లక్షలమంది వాడిన ఎక్స్‌టెన్షన్‌ని 2020లో దాని యజమాని అమ్మేశాడు. కొన్నవాళ్లు అప్‌డేట్ పేరుతోనే అందులో తమ సరుకు కలిపారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని నిలిపేసింది. అంటే అప్‌డేట్ ఎప్పుడూ మంచిదే అని కూడా నేను చెప్పలేను. అందుకే వాడనివన్నీ తీసేస్తాను. మా సిస్టమ్‌లలో ఇప్పుడు ఒక్కటే ఉంది, ప్రకటనలు ఆపేది.

విండోస్ 7 వాడేవాళ్లకి ఒక మాట. 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తో క్రోమ్ దాన్ని వదిలేసింది. ఆ సిస్టమ్ మీద బ్యాంకు పని చేయకండి. విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇవన్నీ చేసినా డబ్బు పోతే, మొహమాటపడి ఇంట్లో దాచుకోవద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపడానికి అంత వీలుంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయొచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే ఏ నెట్ సెంటర్‌లోనైనా సాయం అడగండి. మా దగ్గర దీనికి డబ్బు తీసుకోం.

ఈ ప్రసంగం టైపు చేస్తూ మధ్యలో ఒకసారి తల ఎత్తి నా క్రోమ్ పైన కుడివైపు మూల చూశాను. నారింజ రంగు. నాకే నవ్వొచ్చింది. దాన్ని నొక్కి, మళ్లీ తెరుచుకునేలోపు ఎదురు కొట్లో టీ తాగి వచ్చాను.

నమస్కారం.