పచ్చసొన తయారయ్యేది కోడి కార్జంలో!

నమస్కారం అండి. మొన్న ఆదివారం పూర్ణా మార్కెట్‌లో గుడ్లు పెడుతున్న లేయర్ కోడిని కోయించాను. కడుపు తెరవగానే లోపల పచ్చసొనల గుత్తి. ఒకటి నిమ్మకాయంత, పక్కది ఉసిరికాయంత, తర్వాతది రేగుపండంత, ఆ చివరవి ఆవగింజలంత. "అక్కడే తయారవుతాయండి, అంతా హార్మోన్ ఇంజెక్షన్ మహిమ" అన్నారు పక్కనున్న పెద్దాయన. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! రెండూ తప్పే. ఆ హార్మోన్ కోడి సొంతానిది, ఈస్ట్రోజెన్. పచ్చసొన సరుకు తయారయ్యేది కార్జంలో.

మన వైజాగ్ రైల్వే స్టేషన్ గుర్తు తెచ్చుకోండి. మైకులో అనౌన్స్‌మెంట్ అందరికీ వినిపిస్తుంది, కానీ ఆ రైలుకి టికెట్ ఉన్నవాళ్లే లేస్తారు. హార్మోన్ అంటే ఆ అనౌన్స్‌మెంట్. రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. రిసెప్టర్ అంటే టికెట్. అది ఉన్న కణమే కదులుతుంది.

ఈస్ట్రోజెన్ కొవ్వులో కరిగే రకం కాబట్టి కణం పొర దాటి నేరుగా లోపలికి వెళ్తుంది. కేంద్రకంలో రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. ఇద్దరూ కలిసి డీఎన్ఏ మీద విటెల్లోజెనిన్ (పచ్చసొనకి ముడిసరుకైన ప్రోటీన్) జన్యువు పక్కన కూర్చుంటారు. అంతే, కార్జం ఆ ప్రోటీన్‌నీ, దాంతోపాటు కొవ్వు మూటల్నీ రక్తంలోకి పంపడం మొదలుపెడుతుంది. ఒక్క గుడ్డులో సుమారు 5 గ్రాముల కొవ్వు! పక్షుల్లో కొత్త కొవ్వు తయారీ దాదాపు అంతా కార్జం పనే.

నాకు బాగా నచ్చిన సంగతి ఇప్పుడు. పుంజు కార్జంలోనూ ఈ టికెట్ ఉంటుంది! జేబులో టికెట్ పెట్టుకుని కూర్చుంటుంది, దాని రైలుని మాత్రం ఎవరూ పిలవరు. ప్రయోగశాలలో పుంజుకి ఈస్ట్రోజెన్ ఇస్తే దాని కార్జం కూడా విటెల్లోజెనిన్ తయారుచేస్తుంది. గుడ్డు పెట్టే దారే లేని పుంజు రక్తంలో పచ్చసొన సరుకు! మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నాను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. గ్లూకగాన్ అని క్లోమం నుంచి వచ్చే ఇంకో హార్మోన్ ఉంది, అది కణంలోకి వెళ్లదు. దాని రిసెప్టర్ కణం పొర మీదే ఉండి లోపలికి కబురు పంపుతుంది: కొవ్వు తయారీ ఆపు, గ్లూకోజ్ వదులు అని. పక్షుల్లో ఇన్సులిన్ కంటే దీని మాటే ఎక్కువ చెల్లుతుంది. థైరాయిడ్ రిసెప్టర్ తీరు ఇంకో రకం. హార్మోన్ రాకముందే డీఎన్ఏ మీద కూర్చుని జన్యువుని అణచిపెడుతుంది, వచ్చాక వదులుతుంది.

చివరగా ఒక్కటి. కార్జం పంపిన సరుకు దించుకోవడానికి ఆ గుత్తిలో పెరిగే అండానికి కూడా ఒక రిసెప్టర్ కావాలి. ఆ జన్యువు దెబ్బతిన్న కోళ్లున్నాయి. కార్జం పంపుతూనే ఉంటుంది, అండం దించుకోదు. రక్తంలో కొవ్వు విపరీతంగా పేరుకుపోతుంది, గుడ్డు మాత్రం ఎప్పుడో గానీ పడదు.

థైరాయిడ్ సంగతి వచ్చే వీడియోలో విడిగా చూద్దాం.